దొరసాని నొసటి బిళ్ళ

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ బండి నంబరు ప్లేటు చూసినా నా చేతిరాతే కనిపించేది. రాష్ట్రం ఇంకా రాలేదు గానీ నా బ్రష్షు చివరికి మాత్రం ఎప్పుడో వచ్చేసింది. పొద్దున్నే నేను పనిచేసే స్టిక్కర్ల దుకాణం షట్టరు ఎత్తేసరికి ముందర స్కూటర్లు, ఆటోలు వరస కట్టి ఉండేవి. అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఏపీ తీసెయ్, టీజీ కొట్టు." నేను కొట్టేవాణ్ణి. మధ్యలో ఎవరైనా పోలీసాయన వచ్చి "ఎవర్రా ఇది రాసింది" అంటే మా ఓనరు నన్ను లోపలికి పంపి, రాసినవాడు ఊరికి పోయాడని చెప్పేవాడు. మర్నాడు ఆ పోలీసాయనే మఫ్టీలో తన బండి తెచ్చుకుని, "జర మంచిగ రాయి" అనేవాడు. ఆ లెక్కన తెలంగాణ తెచ్చినవాళ్ళలో నాకూ ఒక మూల కుర్చీ వెయ్యాలి. (ఈ మాట ఇంట్లో చాలాసార్లు అన్నాను. దానివల్ల ఒక్క చాయ్ కూడా అదనంగా పుట్టలేదు.) వయసులో ఉన్నవాడికి చేతిలో బ్రష్షు, నోటినిండా కోతలు ఉంటే లోకమంతా తన సైనుబోర్డులాగే కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించేది, దొరసాని నొసటి బిళ్ళ నా చేతికొచ్చేదాకా.

దొరసాని అంటే మనిషి కాదు, మా మేనమామ కారు. మా మామ నల్లగొండ దిక్కు నుంచి వచ్చి సిటీలో బస్సు డ్రైవరుగా బతుకంతా స్టీరింగు తిప్పినవాడు. నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే, మలక్‌పేటలో ఒక ముసలి వకీలు సాబ్ ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన సీమకారును ఇంటికి తోలుకొచ్చాడు. గుండ్రటి దీపాలు, బొద్దు బుగ్గలు, ముందర వెండి పళ్ళలాంటి జాలీ. దాని కంపెనీ ఇంగ్లండులో ఎప్పుడో మూతపడిందట. పెళ్ళిళ్ళ సీజనులో బారాత్‌లకు కిరాయికి పోయేది, మిగతా కాలం ఇంటి ముందు జాగాలో దుప్పటి కప్పుకుని పడుకునేది. లేపడం మాత్రం అంత తేలిక కాదు. మామ దాన్ని స్టార్టు చేసే రోజున లేచిన పొగ చూసి నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునే పిల్లలు మబ్బు పట్టిందనుకుని కిందికి దిగిపోయేవాళ్ళు. (ఇది మామ చెప్పింది. నేను పొగ ఒక్కటే కొంచెం పెంచాను.)

కారు ముక్కు మీద, జాలీకి సరిగ్గా పైన, అరచేతిలో పట్టేంత బిళ్ళ ఒకటి ఉండేది. మెకానిక్కులు దాన్ని మోనోగ్రామ్ అంటారు. మా అత్త బిళ్ళ అనేది. ప్రతి దసరాకూ ఆయుధపూజ ముందు మా అత్త దేవుడి గదిలోని ఇత్తడి సామానంతా పెరట్లో పోసి చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేది. ఆ చేత్తోనే వచ్చి ఈ బిళ్ళనూ తోమేది. గంట, హారతి పళ్ళెం, కుందులు, ఆ తర్వాత దొరసాని. మిలమిలా మెరిసేదాకా తోమి, పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించేది. ఇన్నేళ్ళ భక్తికి ఇత్తడి గంటే సన్నబడిపోయింది, ఇక రంగుల బిళ్ళ ఎంత? దాని మీది గాజుపూత పోయింది, రంగు పోయింది, చివరికి బొమ్మ కూడా పోయింది. దేవుడి మీద ప్రేమతో దేవుణ్ణే అరగదీసిన ఇల్లు మాది.

అలాగని అత్తకు ఆ కారంటే ఇష్టమనుకునేరు. ఆమె దృష్టిలో అది కారు కాదు, జాగా. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు పిల్లలకు గదులు దొరకక గోడకు చేరగిలబడి చదువుకుంటున్న కాలం అది. "నీ డబ్బా నిలవడ్డ జాగాల ఒక రూమేస్తే ఇద్దరు పోరగాండ్లు కిరాయికొస్తరు. గదేమన్న కిరాయిస్తదా? తింటది, తాగుతది, పంటది, నీ లెక్కనే" అని మామను దులిపేది. ఆ ఏడు ఎందుకో పంతం గట్టిపడింది. మూసారాంబాగ్ నుంచి పాత సామాన్లాయన్ను పిలిపించి కారు చుట్టూ తిప్పి చూపించింది కూడా. దసరా తెల్లారి వచ్చి విప్పి తీసుకుపోవాలని మాట. మామ ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని, "దాన్ని విప్పుతున్నప్పుడు నేను ఊర్లె ఉండ, ఇప్పుడే చెప్తున్న" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన అత్తతో ఎన్నడూ అనలేదు.

సరిగ్గా అప్పుడు దిగాడు అండీగారు. అసలు పేరు వేరే ఉంది గానీ, ప్రతి మాట చివరా అండీ తగిలిస్తాడని మా వీధి వాళ్ళు పెట్టుకున్న పేరు అది. గోదావరి దిక్కు మనిషి, ఎల్బీనగర్‌లో ఇల్లు, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర పెద్ద స్టూడియోలో తీసే సినిమాలకు పాత సామాను సమకూర్చే మేనేజరు. ఒక జమీందారు కథకు కారు కావాలని వెతుక్కుంటూ వచ్చాడు. దొరసాని దుప్పటి తీయగానే చేతులు జోడించినంత పని చేశాడు.

"బ్రహ్మాండంగా ఉందండీ! సినిమా అయ్యేదాకా మా దగ్గరే ఉంచుకుంటామండీ. అంటే, బాబాయిగారూ, ఈ మధ్యలో ఇంకెవరికీ ఇవ్వకూడదండీ."

మామ అత్త వైపు చూశాడు. అత్త కొంగు బిగించి, "షూటింగుకు వోతే సరే, ఉంచుకో. పోకుంటే మాత్రం నా మాట నాదే" అంది. మామ ముఖంలో టపాకాయ వెలిగింది. అంతలో అండీగారు ముందుకొచ్చి వంగి చూసి, "మరి బొమ్మేదండీ?" అన్నాడు.

"ఉన్నది గదా. జర అరిగింది" అన్నాడు మామ.

"అరగడం కాదండీ, ఇది మా ఇంట్లో పప్పుగరిటెలా ఉందండీ. మా డైరెక్టరుగారు మొదటి షాటే దీని మీద పెట్టారండీ. బొమ్మ మీంచి కెమెరా పైకి లేచి జమీందారుగారి మొహం మీదికెళ్తుందండీ. బొమ్మ లేకపోతే కారొద్దంటారండీ."

మామ ముఖంలోని టపాకాయ తుస్సుమంది. అప్పుడు ఎవరూ పిలవకుండానే నా నోరు ముందుకొచ్చింది. "గంతేగదా సార్! శుక్రారం పొద్దుగాల కల్లా కొత్త పెండ్లికొడుకు లెక్క చేసిస్త. మా తాత నవాబుల కార్లకు రంగులేసిన చెయ్యి" అన్నాను. (మా తాత జీవితంలో రంగు వేసింది ఎద్దుల కొమ్ములకు. అదీ పొలాల అమావాస్యకు.) అండీగారు నమ్మాడు. నమ్మనిది అత్త ఒక్కతే. "వీని నోట్లెకెళ్ళి కారొస్తది, బస్సొస్తది, పని మాత్రం రాదు" అని లోపలికి వెళ్ళిపోయింది. మామ మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, "అల్లుడా, జర నిజంగ చెయ్యిరా" అన్నాడు. కోతలు కోసినంత సుఖం, కోసిన కోతను మోయడంలో ఉండదు.

బిళ్ళ వెనక రెండు నట్లు తుప్పుతో ఒక్కటైపోయాయి. కిరసనాయిల్లో నానబెట్టి, బతిమాలి, తిట్టి ఊడదీశాను. తీసుకుపోయి దుకాణంలో బల్ల మీద పెట్టాక అసలు సంగతి తెలిసింది. ఏ బొమ్మ వెయ్యాలి? మామనడిగితే "సింహమే, నా కండ్లతోని చూసిన" అన్నాడు. బారాత్‌లలో బ్యాండు వాయించే పెద్దమనిషి "గుర్రం, నేను దాని ముంగటనే కదా నడిచేది" అన్నాడు. అత్తనడిగితే "తోమేటప్పుడు దేవుని మొకం చూస్తనా, బిళ్ళ మొకం చూస్తనా?" అని నన్నే గద్దించింది. (నెట్ సెంటరుకు పోయి చూడొచ్చు కదా అంటారేమో. పోయాను. తెలంగాణ బంద్ వల్ల షట్టరు సగం దించి ఉంది, మిగతా సగంలోంచి చూస్తే లోపల కరెంటు లేదు.)

అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే బొమ్మ పడేది కదా, అలా రుద్దాను. కాగితం మీద ఒక వంకర గీత, దాని పక్కన విచ్చుకున్న రెక్కలాంటిది, కింద కన్నులాంటి ఒక చుక్క. భూతద్దం పెట్టి బిళ్ళ మూలలన్నీ వెతికితే, అంచు సందులో ఆవగింజంత నీలం రంగు అత్త చింతపండుకు చిక్కకుండా బతికి ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రెక్క ఉంది, కన్ను ఉంది, రంగు నీలం. దసరా దగ్గరకొచ్చిన రోజుల్లో, నల్లగొండ దిక్కు పుట్టినవాడికి నీలం రెక్కల పిట్ట అంటే ఇంకేం తోస్తుంది? పండగనాడు ఊరి బయటికి పోయి, చెట్టు చెట్టుకూ మెడలు సాచి, ఒక్కసారి కనబడితే చాలని వెతుక్కునే పాలపిట్టే!

మామకు చెబితే ముందు కొంచెం నసిగాడు. "ఇంగ్లండుల పాలపిట్ట ఉంటదారా?"

"మామా, ఇంగ్లండోడు మన దేశాన్ని అన్నేండ్లు ఏలిండు. వజ్రాలెత్కపోయినోడు ఒక పిట్ట బొమ్మ ఎత్కపోడా?"

మామ కాసేపు ఆలోచించి, "గదీ నిజమే" అన్నాడు. ఇంకో నిమిషానికి, "యాదికొస్తున్నది, సింహం గాదు, పిట్టనే" అన్నాడు.

ఇక పని. చుట్టూ ఉన్న వెండి అంచును పాత టూత్‌బ్రష్షుతో, పళ్ళపేస్టుతో తోమితే అద్దమైంది. బిళ్ళ ముఖాన్ని ఎమరీ కాగితంతో సమం చేశాను. రంగు దగ్గర ఇబ్బంది వచ్చింది. మా దుకాణంలోవి నంబరు ప్లేట్ల రంగులు, తెలుపూ నలుపూ పసుపూ తప్ప నాలుగోది లేదు. పాలపిట్ట రెక్క ముదురు నీలమూ కాదు, ఆకాశమూ కాదు, మధ్యలో ఒక మెరుపు. ఆ మెరుపు గోళ్ళ రంగులో తప్ప ఇంకెక్కడా లేదు. బస్‌స్టాపు దగ్గర గాజులమ్మే ఫ్యాన్సీ స్టోరుకు పోయి ఒక్కొక్క సీసా ఎండలో ఎత్తి చూస్తుంటే, కొట్టాయన ఇటూ అటూ చూసి, "ఎవలకు భాయ్, లగ్గం కుదిరిందా?" అని గుసగుసగా అడిగాడు. "పిట్టకు" అన్నాను. ఆయన కన్నుగీటి ఒక రిబ్బను ఊరికే ఇచ్చాడు. సూదిమొనతో రంగు ఎత్తి, చుక్క చుక్కగా రెక్కల్లో నింపి, రొమ్ముకు ఇటుకరంగు, ముక్కుకు నలుపు పెట్టాను. ఊపిరి బిగబట్టి కన్ను పెట్టాను. ఆ వయసులో నా చెయ్యి వణికేది కాదు. పిట్ట నావైపు చూసి ఇక ఎగరనా అన్నట్టు ఉంది.

శుక్రవారం తెల్లవారకముందే అండీగారు వచ్చి, కారు ముక్కుకు మళ్ళీ బిగించిన బిళ్ళ చూసి, "ఇది... పక్షాండీ?" అన్నాడు. పాలపిట్ట అన్నాం. ఆయన తల గోక్కుని, "సర్లెండి, జమీందారుగారికి పక్షులంటే ప్రాణమని ఓ డైలాగు పెట్టించేద్దామండీ" అన్నాడు. ఆ రోజూ బంద్ గనుక, అది మొదలవకముందే చీకట్లోనే ఎల్బీనగర్ దాటాలని అనుకున్నాం. కానీ దొరసాని లేవలేదు. మామ బతిమాలాడు, నేను నెట్టాను, అండీగారు కూడా ప్యాంటు మడిచి నెట్టాడు. అది లేచేసరికి ఊరంతా లేచింది. కొత్తపేట దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు చేరేసరికి రోడ్డు మీద బస్సుల బదులు పొయ్యిలున్నాయి.

వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ళు పేర్చి, గుండిగలు ఎక్కించి, జనం వంట చేస్తున్నారు. డప్పులు, జెండాలు, పాటలు. ఒక పక్క ఆడవాళ్ళు బతుకమ్మలు పేర్చుకుని కూర్చున్నారు. మా కారును చూడగానే పది మంది కుర్రాళ్ళు అడ్డం వచ్చి నిలబడ్డారు.

"ఏ, ఆపు! ఎటువోతున్నరు? బంద్ అని ఎర్కలేదా?"

మామ అద్దం దించి ఏదో చెప్పబోయాడు. అంతలో వెనక సీట్లోంచి అండీగారు తల బయటపెట్టి, "అర్జెంటండీ, షూటింగండీ" అన్నాడు. ఆ రెండు అండీలకు చౌరస్తాలో డప్పులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఒకడు బానెట్ మీద అరచెయ్యి వేశాడు. "ఈడ మేము రోడ్డు మీద బువ్వ తింటుంటే మీకు షూటింగులు గావాల్నా?" మామ రెండు చేతులూ స్టీరింగు మీద అలాగే ఉన్నాయి. ఆయనకు భయం తన గురించి కాదు. వెనక్కి తిరిగితే దసరా తెల్లారి సుత్తులు, రెంచీలు పట్టుకుని పాత సామాన్లాయన వస్తాడు. ముందుకు పోతే ఈ పిల్లల చేతిలో దొరసాని అద్దాలు ఏమవుతాయో తెలియదు. (నేనేం చేశానంటే, అడుగుతున్నారు గనుక చెబుతున్నాను, తలుపు తీసుకుని దిగి గుంపులో కలిసి "జై తెలంగాణ" అన్నాను. నా గొంతే అన్నిటికంటే పైన వినిపించిందని ఇప్పటికీ అంటారు. అనేది నేనే.)

అప్పుడు బానెట్ మీద చెయ్యి వేసిన కుర్రాడు కిందికి వంగాడు. ఇంకా వంగాడు. "అరే... పాలపిట్టరా!" అన్నాడు.

"ఏడ? ఏడ?" అని జనం. పండగ ముందు పాలపిట్ట అనే మాట వింటే మనవాళ్ళ తల దానంతటదే పైకి లేస్తుంది. సగం మంది కరెంటు తీగల వైపు చూశారు. మిగతా సగం కారు ముందు చేరారు. బతుకమ్మల దగ్గరి ఆడవాళ్ళు "జరగుండ్రి, మమ్మల్ని సూడనియ్యిండ్రి" అంటూ తోసుకొచ్చారు. ఒకామె అప్పుడే చెంగు తలమీద కప్పుకుని దండం పెట్టింది. ఇంకొకామె తంగేడు పువ్వు తెంపి బిళ్ళ పక్కన గుచ్చింది. ఆ గుంపును రెండుగా చీల్చుకుంటూ, చేతిలో పొడుగాటి గరిటెతో, నుదుటి మీద చెమటతో ఒక మనిషి వచ్చింది. మా అత్త! మేం కారు నెట్టే హడావిడిలో ఉండగానే వాడకట్టు ఆడవాళ్ళతో కలిసి వచ్చి గుండిగ దగ్గర నిలబడిందని మాకేం తెలుసు?

ఆమె కారును చూసింది, మామను చూసింది, బానెట్ మీద పడి ఉన్న చేతులన్నిటినీ చూసింది. గరిటె పైకెత్తింది. "ఎవడ్రా మా కారు మీద చెయ్యేసింది? తియ్యి! ఇరువై దసరాల సంది తోముతున్న బిళ్ళ గది, మా ఇంటి దొరసాని!"

చేతులన్నీ వెనక్కి పోయాయి. మామ మెల్లగా తల తిప్పి నావైపు చూశాడు. ఇన్నేళ్ళలో 'నీ డబ్బా' తప్ప ఇంకో పేరు ఎరగని నోట 'మా' అన్న మాట వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తలకిందులుగా పెట్టుకున్నాడు.

తర్వాత జరిగింది చెబితే కోత అంటారు, అయినా చెబుతాను. దొరసానిని చౌరస్తా మధ్యకు తోశారు. బానెట్ మీద పెద్ద బతుకమ్మను పెట్టారు. ఆడవాళ్ళందరూ దాని చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడారు. ఇంగ్లండులో దాన్ని చేసినవాడు చూసి ఉంటే తన దేశానికి తిరిగి పోయేవాడు కాదు. అండీగారి ఫోను మోగీ మోగీ అలసిపోయింది. ఆయనకూ ఒక విస్తరాకు వేసి కిచిడీ పెట్టారు. రెండు ముద్దలు తిని, "ఉప్పు కొంచెం తగ్గిందండీ" అన్నాడు.

"నీ మొకం జూస్తె బీపీ ఉన్నట్టున్నది, తగ్గిందే మంచిది. తిను" అని అత్త ఇంకో గరిటె వేసింది.

"అదెలా తెలిసిందండీ!" అని ఆయన ఆశ్చర్యపోయి, మారు అడిగి మరీ తిన్నాడు.

షూటింగు పోయింది. జమీందారుకు వేరే కారు దొరికిందట. దసరా తెల్లారి పాత సామాన్లాయన సుత్తి, రెంచీలు పట్టుకుని సరిగ్గా చెప్పిన పొద్దుకు వచ్చాడు. మామ మాట మీద నిలబడి ఊరికి పోదామని చెప్పులు వేసుకున్నాడు. అత్త గేటు దగ్గరికి వెళ్ళి, "ఏం సామాను? ఈడేం లేదు, పో" అంది. ఆయన లోపలికి వేలు చూపించి ఏదో అనబోతే, "గది సామానా? కండ్లు కనవడ్తలేవా, పాలపిట్ట కూసున్నది" అంది. మరి కిరాయికి వేస్తానన్న రూము సంగతి ఏమిటని నేను అడిగాను. "మీద ఏద్దాం. పోరగాండ్లకు మెట్లెక్కుడు మంచిదే" అంది.

చాలా ఏళ్ళ తర్వాత, రాష్ట్రం వచ్చాక, పాత కార్ల పిచ్చి ఉన్న ఒకాయన వెతుక్కుంటూ వచ్చి దొరసానిని చూసి మురిసిపోయి, బిళ్ళ చూసి బిత్తరపోయాడు. అసలు దాని మీద ఉండాల్సింది ఓడట. నేను రెక్క అనుకున్నది తెరచాప, కన్ను అనుకున్నది ఓడకు కట్టిన డాలు, ఆ ఆవగింజ నీలం సముద్రం. నేను సందు దొరికితే పారిపోదామని చూస్తున్నాను. మామ మాత్రం తొణకలేదు. "మనకు సముద్రం యాడున్నది సార్? పంపకాలల్ల అది ఆళ్ళకు వాయె, పిట్ట మనకొచ్చె" అన్నాడు. ఆ రోజు పండగకు వచ్చి మా అరుగు మీదే కూర్చున్న అండీగారు (ఆయన అప్పటినుంచి ప్రతి దసరాకూ కిచిడీకి వస్తాడు, ఉప్పు తనే వేసుకుంటాడు) చాయ్ గ్లాసు దించి, "సముద్రం మాదేనండీ, కాదనం. పిట్టను చూడ్డానికి మాత్రం మమ్మల్ని కూడా రానివ్వండీ" అన్నాడు.

ఆ మొదటి దసరా నుంచే మాకు ఒక ఒప్పందం, నోటితో ఎవరూ అననిది. దసరాకు అత్త చింతపండు, ఇటుకపొడితో పిట్టను తోముతుంది. రెక్కలు వెలిసిపోతాయి, కన్ను పోతుంది. నేను గోళ్ళరంగు సీసాతో వచ్చి పిట్టను మళ్ళీ బతికిస్తాను. "గింత గట్టిగ తోమిన్నా?" అని ఆమె అడగడం, "నీ చేతి కింద సింహమే నిలవలే, పిట్టెంత అత్తా" అని నేననడం. అది మా ఇంటి పూజలో ఒక మంత్రం అయిపోయింది.

మొన్న దసరాకు సీసా జేబులో వేసుకుని వెళ్ళాను. అత్త అప్పటికే తోమడం ముగించి, చేతులు కడుక్కుని మెట్ల మీద కూర్చుని ఉంది. బిళ్ళ తడిగా ఉంది, అంచులో చింతపండు పీచు ఉంది. పిట్ట మాత్రం కిందటేడు నేనెలా కూర్చోబెట్టానో అలాగే ఉంది. ఒక్క ఈక కూడా రాలలేదు. నేను మెట్ల మీదున్న ఆమె చేతుల వైపు చూశాను. తర్వాత జేబులోంచి ఎమరీ ముక్క తీసి, ఆమెకు వీపు అడ్డం పెట్టి, మెల్లగా నేనే రెక్కలు గీకేశాను.

"ఏమాయెరా? మల్ల పోయిందా రంగు?" అని మెట్ల మీంచి అడిగింది.

"మొత్తం ఊడవీకినవ్ అత్తా. నీ చేతులల్ల బలం ఏం తగ్గలే" అన్నాను.

"మరేమనుకున్నవ్!" అని ఆమె నవ్వింది. నేను సూదిమొనతో నీలం నింపుతూ కూర్చున్నాను. కన్ను పెట్టే దగ్గర మాత్రం కళ్ళజోడు పైకీ కిందికీ జరిపినా చుక్క చోటు చిక్కలేదు, చెయ్యి కొంచెం పక్కకు పోయింది. ఇప్పుడు ఆ పిట్ట చూసినవాళ్ళందరికీ కన్నుగీటుతున్నట్టు ఉంటుంది. సరిచేద్దామా అనుకున్నాను. ఇంత జరిగాక కూడా దానికి నవ్వు రాకపోతే ఎలా అనిపించి, అలాగే వదిలేశాను.